ఎడమ సగం

చింతపండు పిసుకుతుంటే గింజలు చేతికి తగల్లేదు. లేవని కాదు, మూడున్నాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్న మా మావయ్య ఏసురత్నం గారి నోటికి ఆ మూడూ తగిలాయి. ఒక్కొక్కటే తీసి కంచం అంచున వరసగా పెట్టి, "ఈ మధ్య ఎవాంజెలిన్ మనసు ఇంట్లో ఉండటం లేదురా ప్రేమ్" అన్నారు, నేను గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండగానే. మా ఆయన ప్రేమ్ కుమార్ తలెత్తకుండా "కాస్త చూసి చెయ్యొచ్చుగా" అన్నాడు. చింతపండు ఎవరైనా చూసి పిసుకుతారా? చేతికే తెలుస్తుంది. నా చేతికి ఏమీ తెలియడం లేదు, అదీ సంగతి. కానీ ఆ సంగతి చెప్తే అన్నం తినే టైములో రోగాల గొడవ ఎందుకంటారని, ఇంకో అప్పడం వేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మూడు వారాలుగా ఇదే వరస. పొద్దున లేచేసరికి కుడిచేతి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ మొద్దుబారి ఉంటాయి. మా అమ్మాయి సుప్రియకి జడ వేస్తుంటే పాయ జారిపోతుంది. పద్నాలుగేళ్ళ పిల్ల, "నేనే వేసుకుంటాలే అమ్మా" అని దువ్వెన లాక్కుంది. ఆ మాటకి నాకెందుకో చాలా బాధనిపించి, మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ తార్నాకలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందంది. ఏం చేస్తారని అడిగితే యూనివర్సిటీలో తెలుగు టైపిస్టునని, ఇరవై నాలుగేళ్ళ సర్వీసని చెప్పాను. నా చేతులు రెండూ బల్ల మీద పెట్టించి అటూ ఇటూ తిప్పి చూసింది. "టైపు చేసేవాళ్ళకి రెండూ కలిసే పాడవుతాయమ్మా. మీ ఎడమది బాగానే ఉంది. కుడిది రెండు చేతుల పని చేసినట్టుంది. ఎందుకలా?" అంది. నాకేం తెలుసు! కుడిచేతి వాటం కదండీ అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. పట్టీ రాసింది, మాత్రలు రాసింది. రెండు ముక్కలుగా ఉండే కీబోర్డులు వస్తున్నాయని, వాటితో చేతులు లోపలికి వంకర తిరక్కుండా భుజాలంత ఎడంగా ఉంటాయని, ఉద్యోగం చెయ్యాలనుకుంటే అలాంటిది చూసుకోమని చెప్పింది. "రోజుకి పది పేజీలు. అంతకు మించితే ఆపరేషనే."

ఉద్యోగం చెయ్యాలనుకుంటే. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ప్రేమ్‌కి చెప్పగానే ఆయన మొహంలో దిగులు కనిపిస్తుందనుకున్నాను. కనిపించింది కూడా, ఒక్క నిమిషం. ఆ తర్వాత తేలిక పడ్డాడు. "చూశావా ఎవా, దేవుడే దారి చూపిస్తున్నాడు" అన్నాడు.

ఆ దారి గుంటూరు వెళ్తుంది. ప్రేమ్ కాచిగూడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరరు. గుంటూరులో మిషన్ వాళ్ళ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా రమ్మని అడిగారు. ఆ ఏడాది, అంటే తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రెండు వేల పదకొండులో, ఆయనకి ఇక్కడ ఊపిరాడటం లేదు. క్లాసులో పిల్లలు "సార్, మీరు ఎప్పుడు పోతరు సార్?" అని నవ్వుతూ అడిగారట. నవ్వుతూనే అడిగారని ఆయనే చెప్పాడు, కానీ ఆ రాత్రి అన్నం తినలేదు. ఆయన భయం అబద్ధం అని నేనెప్పుడూ అనలేదు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు ఒక ఊళ్ళో పాఠం చెప్పిన మనిషికి ఆ మాట గుచ్చుకుంటుంది. అయితే ఆ భయంలో నుంచి ఆయన వేసిన లెక్క మాత్రం నాకు నచ్చలేదు. "నువ్వు వాలంటరీ రిటైర్మెంట్ పెట్టెయ్. చేతులు బాగోలేవని డాక్టరు సర్టిఫికెట్ ఎలాగూ ఉంది. అక్కడ క్వార్టర్సు ఇస్తారు. నువ్వు హాయిగా ఇంట్లో ఉండి నాన్నగారి ప్రసంగాల పుస్తకం పూర్తి చెయ్యొచ్చు."

టైపు చెయ్యలేనని ఉద్యోగం మానేసి, ఇంట్లో కూర్చుని టైపు చెయ్యాలి. ఆ మాటలో ఉన్న తిరకాసు ఆ తెలుగు లెక్చరరుకి తట్టలేదు. నేనూ అప్పుడు ఎత్తి చూపలేదు. ఇలాంటివి నాకు ఆ క్షణంలో తోచవు, మర్నాడు బస్సులో తోస్తాయి.

నేను పుట్టింది సీతాఫల్‌మండిలో. మా నాన్న తెనాలి దగ్గర పల్లె నుంచి రైల్వే గుమాస్తాగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంటర్ కాగానే టైపు ఇనిస్టిట్యూట్‌లో చేరాను. మెషిన్ మీద గుడ్డ కప్పి, చూడకుండా కొట్టించేవారు. తెలుగు హయ్యర్ డిస్టింక్షన్‌లో పాసై, ఎనభై ఏడులో ఈ ఉద్యోగంలో చేరాను. పెళ్ళి ఆ తర్వాత మూడేళ్ళకి. క్యాంపస్ నాకు ఆఫీసు కంటే ముందు నుంచీ తెలుసు. ఉద్యమం రోజుల్లో గేటు దగ్గర పోలీసు బారికేడ్లు, కళ్ళు మండించే గ్యాసు, తడిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని పరిగెత్తే పిల్లలు, ఆ పొగలోంచి అడిక్‌మెట్ మీదుగా చుట్టు తిరిగి ఆఫీసు చేరడం కూడా నాకు కష్టంగానే ఉండేది గానీ కొత్త ఊరిలా ఉండేది కాదు.

సకల జనుల సమ్మెలో నలభై రెండు రోజులు మా సెక్షన్‌కి తాళం పడింది. నేనూ పొద్దున వెళ్ళి సమ్మె టెంటు కింద కూర్చునేదాన్ని. ఒకరోజు మా సూపరింటెండెంటు వీరస్వామి గారు అందరి ముందూ అడిగారు. "మేడం, మీరు గీ పక్కనా, గా పక్కనా?"

"నేను సీతాఫల్‌మండిలో పుట్టాను సార్."

"పుడితె అయితదా? మనసు ఏడున్నదో చెప్పుండ్రి."

మా అటెండరు చిట్టెమ్మ పక్కనుంచి అందుకుంది. "ఏంది సారూ, గామెను గట్ల అడుగుతరు? పొద్దుగాల్నుంచి గీడనే కూసున్నది గద, కనవడ్తలేదా?" అందరూ నవ్వారు. ఆయన అడిగింది నన్ను చిన్నబుచ్చడానికే. నా మొహం ఎర్రబడింది కూడా. కానీ బస్సులు లేక నడుచుకుంటూ ఇంటికొస్తుంటే ఇంకోటి తోచింది. నీ మనసు ఎక్కడుంది అని నన్ను ఒక మనిషి నేరుగా అడగడం అదే మొదటిసారి. మా ఇంట్లో నా మనసు గురించి మాట్లాడతారు, నన్ను అడగరు.

సమ్మెలో బళ్ళు మూతబడ్డాయి, బస్సులు ఆగాయి, కరెంటు పోయేది. ప్రేమ్ కాలేజీ కూడా లేదు కాబట్టి ఆయన పేపరు చదివేవాడు, టీవీ చూసేవాడు, భయపడేవాడు. మావయ్య గుంటూరు జిల్లాలో హెడ్మాస్టరుగా రిటైరై, మా పెళ్ళి కాగానే అత్తయ్యతో సహా మా దగ్గరికి వచ్చేశారు, అత్తయ్య కొన్నేళ్ళ క్రితం పోయింది. చర్చిలో ఆదివారం వాక్యం చెప్తారు. పెళ్ళైన కొత్తల్లో "చేతిలో విద్య ఉందిగా, పది నిమిషాల పని" అని నాకు ఇచ్చిన ఆ వారం వాక్యం, ఇరవై ఏళ్ళుగా వారం వారం వస్తూనే ఉంది. దానితో పాటు చర్చి కరపత్రాలు, బంధువుల పెళ్ళి పత్రికలు, ప్రేమ్ ఎంఫిల్ థీసిస్. సమ్మె రాగానే మావయ్య "ఎలాగూ ఖాళీయేగా అమ్మా" అని ముప్పై ఏళ్ళ ప్రసంగాల నోట్సులున్న అట్టపెట్టె దించారు. కరెంటు ఉన్నప్పుడల్లా కొట్టాను. రాష్ట్రం సగం పని ఆపేసిన ఆ నలభై రెండు రోజుల్లో నాలుగు వందల పేజీలు కొట్టాను. మూడు పూటలా అందరూ ఇంట్లోనే ఉంటే పొయ్యి ఆరేది కాదు. వేళ్ళు మొద్దుబారడం మొదలైంది ఆ తర్వాతే. అయినా డాక్టరమ్మ అడిగినప్పుడు నేను ఆఫీసు గంటలే చెప్పాను. ఇంట్లో టైపు చెయ్యడం ఒక పని అని నాకే గుర్తు రాలేదు.

సమ్మె అయ్యాక, నవంబరులో, కీబోర్డు కావాలని నోట్ పెట్టాను. డాక్టరమ్మ రాసిన కాగితం కూడా జతచేశాను. వీరస్వామి గారు చదివి అద్దాలు తీశారు. "రెండు తునకల కీబోర్డా? మేము రాష్ట్రం అడుగుతున్నం, మీరు కీబోర్డు అడుగుతున్నరా మేడం?" సెక్షనంతా నవ్వింది. నేనూ నవ్వాను, బాగుంది కాబట్టి. తర్వాత ఆయన గొంతు తగ్గించి, "ఇండెంట్ల గిసుంటియి లేవు. అందరికి ఒక్కటే తీరు ఇస్తరు. అయినా మీకెందుకు కొత్తది? మీ సార్ ఫోన్ చేసిండు కద, మీరు వాలంటరీ పెడుతున్నరట. కాగితాలు ఏమేం గావాల్నో అడిగిండు. చెప్పిన" అన్నారు.

నా ఉద్యోగం గురించి మా ఆయన మా సూపరింటెండెంటుని అడిగాడు. ఆయన చెప్పాడు. ఇద్దరు మగవాళ్ళూ మర్యాదగా మాట్లాడుకుని ఫోన్ పెట్టేశారు. పక్కనోడు తిడితే తిరిగి తిట్టొచ్చు, ఇలాంటిదానికి ఏమనాలో తెలియదు. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి పంపు తిప్పి ఏడ్చాను. బయట చిట్టెమ్మ నిలబడి ఉంది. "ఏమైంది మేడం?" అంది. చెప్పాను. చిట్టెమ్మ తువ్వాలు చేతికిచ్చి, "ఆయన అడిగితె అడిగిండు. సంతకం మీదే కద పెట్టేది" అంది.

ఆ సాయంత్రమే తార్నాక సందులో ఉమాపతి గారి కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. యాభై దాటిన మనిషి, మా యూనివర్సిటీకి రిపేర్లు చేస్తాడు. ఆయన దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి ఒకే పలకలా ఉండి మధ్యలో ఉబ్బెత్తుగా, చెరో పక్కకీ వాలి ఉంది. రెండోది నిజంగానే రెండు ముక్కలు, మధ్యలో ఒక వైరు. ఎవరో తెప్పించుకుని, అలవాటు కాక తిరిగి ఇచ్చారట. "చూస్తె తెల్వదు మేడం. కొట్టి చూడుండ్రి. ఏది కొనాల్నో మీ చేతులే చెప్తయి" అని కంప్యూటర్‌కి తగిలించి కుర్చీ వేశాడు.

రెండు ముక్కల్నీ ఎడంగా పెట్టుకుని కూర్చున్నాను. భుజాలు వెనక్కి వెళ్ళాయి, ఊపిరి నిండా అందింది. ఏం కొట్టాలో తెలియక, వేళ్ళకి బాగా అలవాటైన మావయ్య మొదటి వాక్యమే కొట్టాను. ప్రియమైన దేవుని బిడ్డలారా. తెర మీద చూస్తే సగం అక్షరాలు లేవు. గుణింతాలు ఎక్కడికక్కడ ఎగిరిపోయాయి. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అంతే. నా కుడిచెయ్యి దాని ముక్క దాటి ఎడమ పక్కకి పరిగెత్తి, మధ్యలో ఖాళీ బల్లని పొడుస్తోంది. ఎడమచెయ్యి తన ముక్క మీద ఊరికే పడుకుని ఉంది.

మా తెలుగు కీబోర్డులో గుణింతాలు ఎడమచేతి కింద ఉంటాయి, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద. టైపులో కొత్తగా చేరిన పిల్లలకి కూడా తెలిసే సర్దుబాటు. "మేడం, మీరు ఒంటి చేత్తోటి కొడుతున్నరు" అన్నాడు ఉమాపతి గారు ఆశ్చర్యంగా. నాకు కోపం వచ్చింది. "నేను హయ్యర్ డిస్టింక్షనండీ. చూడకుండా పది వేళ్ళతో కొడతాను" అన్నాను. "కొట్టేటోళ్ళేమో. ఇప్పుడైతె కొడతలేరు" అన్నాడు.

నేను నా ఎడమచేతిని చూస్తూ కూర్చున్నాను. అది బల్ల మీద కూడా సరిగా లేదు. వేళ్ళు కొంచెం వంగి, అరచెయ్యి కొంచెం లోపలికి తిరిగి, దేన్నో పట్టుకుని ఉన్నట్టు ఉంది. అప్పుడు తెలిసింది. సుప్రియ. అది పుట్టిన ఏడాదికి మావయ్య పని కోసమే ఇంట్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నారు. ఆఫీసు నుంచి రాగానే పిల్ల నా చంక దిగేది కాదు. "పిల్లని కాసేపు ఎత్తుకోండి" అంటే ప్రేమ్ "నా దగ్గర ఏడుస్తుంది ఎవా" అనేవాడు. అత్తయ్య "తల్లి ఉండగా మేమెందుకు" అనేది. థీసిస్‌కి గడువు దగ్గరపడింది. ఎడమ తొడ మీద పిల్లని వేసుకుని, ఎడమచెయ్యి దాని వీపు చుట్టూ వేసి, ఒక్క కుడిచేత్తో రెండు చేతుల మీటలూ కొట్టడం నేర్చుకున్నాను. పిల్లకి జ్వరమొస్తే అలాగే, పళ్ళొస్తే అలాగే, నాలుగేళ్ళు. పిల్ల ఎప్పుడో దిగిపోయి బడికెళ్ళింది. ఎడమచెయ్యి మాత్రం తిరిగి పనిలో చేరలేదు. నా పక్కన కూర్చున్నవాళ్ళు కూడా గమనించనంత వేగంగా కుడిచెయ్యి అంతా తానే మోసుకొచ్చింది. ఆ థీసిస్ ముందు పేజీలో ప్రేమ్ తన గైడుకీ, దేవుడికీ, తల్లిదండ్రులకీ కృతజ్ఞతలు చెప్పాడు. ఆ పేజీ కూడా నేనే కొట్టాను. అచ్చుతప్పు లేకుండా.

ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. పిల్ల మీద కాదు. ఆ బరువు నాకు ఇప్పటికీ ఇష్టమే, నిజం చెప్పాలంటే. కానీ ఆ గదిలో ఇంకా మూడు జతల చేతులున్నాయి కదా. ఆ ఆరు చేతులూ అప్పుడు ఏం చేస్తున్నాయో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు.

ఉబ్బెత్తుది తీసుకుంటే సుఖం, నా పాత అలవాటే సాగుతుంది, రెండు రోజుల్లో సర్దుకుంటుందని ఉమాపతి గారు చెప్పాడు. రెండు ముక్కలదైతే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. "నెల పడ్తది" అన్నాడు. రెండు ముక్కలదే తీసుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళలేదు. మర్నాడు ఆఫీసులో నా బల్ల మీద పెట్టుకున్నాను. వీరస్వామి గారు చూసి, అద్దాలు పెట్టుకుని తన ఫైలు తిప్పుకున్నారు. ఎడమచెయ్యి మొదటి వారం చంటిపిల్లలా మొరాయించింది. పక్క సీట్ల వాళ్ళు గడగడా కొడుతుంటే నేను అక్షరం అక్షరం కొట్టేదాన్ని, చిన్నతనంగా ఉండేది. మధ్యాహ్నం చిట్టెమ్మ వచ్చి పక్కన కూర్చునేది. కుడిచెయ్యి దాటబోతే "ఆఁ, పోతున్నది, పోతున్నది" అని అరిచేది. రెండో వారానికి నవ్వు కూడా వచ్చేది. మూడో వారంలో ఒకరోజు పరీక్ష పేపరొకటి ఆసాంతం రెండు చేతులతో కొట్టాను. ఆ పొద్దున్నే సుప్రియ జడ వేసినప్పుడు మూడు పాయలూ వేళ్ళకి తెలిశాయి.

రెండో శనివారం ఆఫీసు లేదు. భోజనాలయ్యాక ఇంటి కంప్యూటర్ దగ్గర రెండు కాగితాల కట్టలున్నాయి. ఒకటి మావయ్య ఆదివారం వాక్యం. రెండోది ప్రేమ్ గుండ్రని దస్తూరీలో ఒకే కాగితం. అనారోగ్య కారణాల వలన స్వచ్ఛందంగా పదవీ విరమణ చేయదలచితిని అని నా తరఫున ఆయన రాశాడు. కింద నా పేరు, సంతకానికి ఖాళీ. "టైపు చేసి సంతకం పెట్టు. సోమవారం ఇచ్చేద్దాం" అన్నాడు. చదివాను. ఇరవై ఒక్క సంవత్సరముల సర్వీసు అని ఉంది.

"ఇరవై నాలుగు" అన్నాను.

"అవునా? మన పెళ్ళై ఇరవై ఒకటేగా?"

"ఉద్యోగం పెళ్ళికి ముందే వచ్చిందండీ."

"సరే, దిద్దుకో." ఆయన పేపరు తిప్పాడు.

నేను మావయ్య కాగితాలు తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. "డాక్టరు రోజుకి పది పేజీలే అంది మావయ్యా. ఆ పదీ ఆఫీసుకి ఇచ్చేశాను."

"ఇవాళ ఆఫీసు లేదుగా అమ్మా?"

"ఇవాళ చేతికీ సెలవే."

"దేవుని పని ఎవాంజెలిన్."

"అందుకే మావయ్యా, మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. చూసి చదవడానికి అది చాలు." ప్రేమ్ పేపరు దించాడు. ఆయన కాగితాన్ని ఆయన ముందు పెట్టాను. "ఇది నేను కొట్టను. సంతకమూ పెట్టను. మీకు భయంగా ఉన్నచోట ఉండమని నేననను, వెళ్ళండి. నాకిక్కడ భయం లేదు. సుప్రియ టెంత్ ఇక్కడే చదువుతుంది."

"మొగుడక్కడ, పెళ్ళామిక్కడ. జనం ఏమనుకుంటారు?"

"నన్నడక్కుండా మా సూపరింటెండెంటుకి ఫోన్ చేశారుగా. అప్పుడు జనం ఏమనుకున్నారో ఇప్పుడూ అదే అనుకుంటారు."

ఆయన మొహం చూసి జాలేసింది. ఇరవై ఒక్కేళ్ళు కలిసి ఉన్న మనిషి. చెడ్డవాడు కాదు, ఎప్పుడూ చెయ్యెత్తలేదు, జీతం అడగలేదు. ఎవరైనా అడిగితే మంచివాడనే చెప్తాను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆ వారం మావయ్య రెండుసార్లు ప్రార్థన పెట్టారు, నా పేరు చెప్పి. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ప్రేమ్ వచ్చి కంప్యూటర్ ముందు తనే కూర్చున్నాడు. గుంటూరు కాలేజీ కరస్పాండెంటు గారికి ఉత్తరం. పక్కన చేత్తో రాసుకున్న ప్రతి ఉంది. నేను వెనక దివాన్ మీద సుప్రియతో కూర్చుని ఉన్నాను. చూపుడువేలు ఒక్కటీ గాల్లో తిప్పి తిప్పి ఒక్కో మీట మీద పొడుస్తున్నాడు. అరగంటకి తెర మీద ఒక వాక్యం తేలింది. నాకు కుటుంబ క్వార్టరు అవసరం లేదు. రెండో వాక్యం కాగితం మీద ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది, ఒక్కడికి సరిపోయే గది చాలు అని. ఆయన వేలు కీబోర్డు మీద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగింది.

"ఎవా, 'ఒ' ఎక్కడుంటుందే?"

నా కాళ్ళు అప్పటికే నేల మీదికి దిగాయి. వాటిని మళ్ళీ పైకి పెట్టుకున్నాను.

"వెతకండి" అన్నాను. "అక్కడే ఉంటుంది."